చిన్న వ్యాపారానికి ఏ గ్రూపు మంచిది: బీఎన్ఐ, సంఘం, వాట్సాప్, లేక మనమే కూర్చోబెట్టుకున్న ఏడుగురా?

"ఫలానా గ్రూపులో చేరమని ఫ్రెండ్ ఒకటే పోరు పెడుతున్నాడు, చేరాలా వద్దా?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ప్రింటింగ్ ప్రెస్సు వాళ్లు, బేకరీ వాళ్లు, జీడిమెట్లలో చిన్న షెడ్డు తీసుకుని జాబ్‌వర్క్ చేసేవాళ్లు, బేగంబజార్ హోల్‌సేల్ వాళ్లు, అందరిదీ ఇదే ప్రశ్న. నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీకిప్పుడు తక్కువైంది ఏంటి? ఆర్డర్లా? ఏం చెయ్యాలో చెప్పే మనిషా? లేక ఆఫీసుల్లో మీ మాట చెల్లడం లేదా? చాలామంది "మూడూ" అంటారు. మూడూ నిజమే కావచ్చు గానీ మూడూ ఒకేచోట దొరకవు, దొరుకుతాయని చెప్పి ఫీజు కట్టించుకునేవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.

ఎందుకు దొరకవంటే, రేపు మన దగ్గర కొంటాడని ఆశపడుతున్న మనిషి ముందు "పోయిన నెల జీతాలు పదిహేనో తారీఖు దాకా ఇవ్వలేకపోయాను" అని ఎవరూ నోరు విప్పరు. ఎదురు షాపాయన ముందు మన కొనుగోలు రేటు చెప్పం. ఈ రెండూ దాచిపెట్టి అడిగే సలహా, జ్వరం ఉందన్న సంగతి చెప్పకుండా డాక్టర్ని మందు అడిగినట్టే. అందుకే ఏ గ్రూపైనా సరే నేను చూసేది ఇది: ఆ గదిలో కూర్చున్నవాళ్ల ముందు మీ బాకీల లెక్క ఉన్నదున్నట్టు చెప్పగలరా? చెప్పగలిగితే అది సలహాల గ్రూపు. చెప్పలేకపోతే అది పరిచయాల గ్రూపో, సంఘమో. అవీ పనికొచ్చేవే, కాకపోతే వాటి దగ్గరికి వెళ్లాల్సిన పని వేరు.

ఆర్డర్లే కావాలంటే

మన ఊళ్లలో ఎక్కువగా వినపడే పేరు బీఎన్ఐ, అంటే బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్. 1985లో అమెరికాలో ఐవన్ మైస్నర్ మొదలుపెట్టింది, ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చాప్టర్లు, అంటే స్థానిక గ్రూపులు, ఉన్నాయి. ఒక చాప్టర్‌లో ఒక వృత్తికి ఒక్కరికే చోటు: ఒక ఆడిటర్, ఒక ఇంటీరియర్స్ ఆయన, ఒక సీసీ కెమెరాల ఆయన, ఇలా. వారానికోసారి, చాలాచోట్ల పొద్దున్నే, గంటన్నర మీటింగ్. ప్రతివాళ్లూ లేచి ఒక నిమిషంలో తమ పని చెప్పుకోవాలి, తమకి ఎలాంటి పార్టీ, అంటే కొనే కస్టమర్, పరిచయం కావాలో అడగాలి, ఈ వారం తాము ఎవరికి ఏ రెఫరల్ ఇచ్చారో, అంటే ఏ పార్టీని పరిచయం చేశారో, చెప్పాలి. ఆరు నెలల్లో మూడుసార్లు మించి డుమ్మా కొడితే సభ్యత్వానికే ఎసరు, రాలేని రోజున మన బదులు ఇంకొకరిని పంపాలి.

ఆ బ్యాడ్జీలు, చప్పట్లు చూసి నవ్వుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ కట్టుబాటే దాని బలం అనిపిస్తుంది. మొహం తెలియని మనిషి పేరు మన పార్టీకి మనం చెప్పం, చెప్తే రేపు తేడా వస్తే మాట పడేది మనం కదా. వారం వారం కనపడి, చెప్పిన టైముకి పని చేసి పెడతాడని నాలుగు నెలలు చూస్తేనే నోట్లోంచి పేరు వస్తుంది. కాబట్టి చేరిన మొదటి మూడు నాలుగు నెలలు ఏమీ రాలేదని గొడవ పెట్టుకోవడం అనవసరం. ఆ తర్వాత కూడా ఏమీ రాకపోతే అది మీ వ్యాపారం రకాన్ని బట్టి ఉండొచ్చు.

అసలు తేడా అక్కడే ఉంది. ప్రతి ఇంటికీ, ప్రతి ఆఫీసుకీ ఎప్పుడో ఒకప్పుడు పడే పని మీదైతే, అంటే ఇంటీరియర్స్, ఇన్సూరెన్స్, కేటరింగ్, ఫోటోగ్రఫీ, ప్రింటింగ్, ఎలక్ట్రికల్ కాంట్రాక్టు, ఆడిట్ లాంటివైతే, రెఫరల్స్ గ్రూపు పనిచేస్తుంది. మీది బాలానగర్‌లో రెండు పెద్ద కంపెనీలకి పార్టులు చేసిచ్చే లేత్ షాపు అయితే, ఫొటోగ్రాఫరు, ట్రావెల్ ఏజెంటు లాంటి ముప్పై మంది కలిసి మీకు మూడో కంపెనీని ఎక్కణ్ణుంచి తెస్తారు? కిరాణా హోల్‌సేల్‌ది కూడా అదే పరిస్థితి. ఆ వ్యాపారం రేటు మీదా, ఉద్దెర మీదా నడుస్తుంది, రెఫరల్ మీద కాదు.

ఖర్చు లెక్క ఎలా వెయ్యాలంటే, రిజిస్ట్రేషన్, ఏడాది ఫీజు, దాని మీద జీఎస్టీ, వారం వారం టిఫిన్ డబ్బులు, పెట్రోలు అన్నీ కలపండి. ఉదాహరణకి ఏడాదికి మొత్తం అరవై వేలు అయిందనుకుందాం. మీ వ్యాపారంలో అన్ని ఖర్చులూ పోను మిగిలేది నూటికి ఎనిమిది రూపాయలైతే, ఆ అరవై వేలు వెనక్కి రావడానికే ఏడున్నర లక్షల కొత్త అమ్మకం కావాలి. నూటికి ముప్పై మిగిలే సర్వీసు వ్యాపారమైతే రెండు లక్షలు చాలు. ఒకే ఫీజు ఒకరికి చవక, ఇంకొకరికి దండగ. పొద్దున పూట పోయే గంటల్ని నేనిక్కడ లెక్కలో వెయ్యలేదు, పొద్దున ఆరింటికి షట్టర్ ఎత్తాల్సిన బేకరీ ఆయన వేసుకోవాలి.

చేరకముందు విజిటర్‌గా రెండుసార్ల దాకా వెళ్లి కూర్చోవచ్చు. ఆ రెండుసార్లూ వాడుకోండి, అదీ వేర్వేరు చాప్టర్లలో. స్టేజి మీద చదివే కోట్ల లెక్కలు వినకండి. మీటింగ్ అయ్యాక టీ దగ్గర మీ పనికి దగ్గరగా ఉన్నవాళ్లని పట్టుకుని "పోయిన ఏడాది మీ అమ్మకంలో ఇక్కణ్ణుంచి వచ్చింది ఎంత శాతం?" అని అడగండి. సూటిగా నంబర్ చెప్పేవాళ్లున్న చాప్టర్ మంచిది. "అసలు డబ్బు కాదండీ, ఇక్కడ పర్సనల్ గ్రోత్ అండీ" అని మొదలెడితే టీ తాగేసి వచ్చెయ్యండి.

రోటరీ, లయన్స్ సేవా క్లబ్బులు. 1905లో చికాగోలో రోటరీ పుట్టినప్పుడు వృత్తికొకరు అనే పద్ధతి అక్కడా ఉండేది, పరిచయాల వల్ల వ్యాపారం ఇప్పటికీ జరుగుతుంది. కానీ కార్డులు పంచడానికే వచ్చారని తెలిస్తే ఊళ్లో పేరు పోతుంది. సేవ మీద మనసుంటేనే వెళ్లండి.

సంఘం ఎందుకు కావాలి

వ్యాపారుల సంఘాన్ని తక్కువ అంచనా వేసేవాళ్లు ఎప్పుడూ హమాలీ రేట్ల బేరంలో కూర్చోనివాళ్లు. హమాలీ చార్జీలు పెంచమని యూనియన్ వస్తే ఒక్క షాపు మాట్లాడగలిగేది ఏమీ ఉండదు, మార్కెట్ మొత్తం కలిసి కూర్చుంటేనే బేరం. రోడ్డు వెడల్పులో ముందు గదులు పోతాయన్నా, పారిశ్రామికవాడలో నీళ్లు రావట్లేదన్నా, కరెంటు చార్జీల మీద విద్యుత్ నియంత్రణ మండలి ముందు అభ్యంతరం వెయ్యాలన్నా సంఘమే దిక్కు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎఫ్‌టీసీసీఐ అనే వ్యాపార, పరిశ్రమల చాంబర్ 1917 నాటిది, పాతవాళ్లు ఇప్పటికీ ఫ్యాప్సీ అనే అంటారు. ఎగుమతి చేసేవాళ్లకి సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ లాంటి కాగితాలు ఇలాంటి చాంబర్లలో అవుతాయి. విజయవాడ వైపు ఏపీ చాంబర్స్ ఉంది. ఆడవాళ్లు నడిపే యూనిట్లకైతే 1993లో మొదలైన ఎలీప్ వేరే లెవెల్, గాజులరామారంలో మహిళల కోసమే ఇండస్ట్రియల్ ఎస్టేట్ పెట్టించిన సంఘం అది. 2018 నుంచి మహిళల వ్యాపారాలకి తోడ్పడే తెలంగాణ ప్రభుత్వ వీ హబ్ కూడా ఉంది. బ్యాంకులో "మీ వారిని తీసుకురండి" అని వినీ వినీ విసిగిపోయినవాళ్లు ఈ రెండు తలుపులూ తట్టి చూడాలి.

ఇక సంఘంతో రెండు ఇబ్బందులు. ఒకటి, ఎన్నికలు. అధ్యక్షుడి వర్గం, మాజీ అధ్యక్షుడి వర్గం, మధ్యలో మీరు. రెండోది నిజంగా ప్రమాదమైనది: అందరూ ఒకే వ్యాపారంవాళ్లు కాబట్టి మాట ఎప్పుడో ఒకప్పుడు రేటు మీదకి పోతుంది. "మనందరం కిలోకి ఇంతకి తక్కువ అమ్మొద్దు" అని తీర్మానం చేస్తే అది 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ కిందకి వస్తుంది. మందుల షాపుల సంఘాల మీదా, సినిమా వాళ్ల సంఘాల మీదా కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు వేసిన కేసులున్నాయి. కరెంటు గురించి ఎంతైనా మాట్లాడండి, అమ్మే రేటు గురించి మాట మొదలైతే లేచి వచ్చెయ్యండి.

సంఘం ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. తయారీ యూనిట్టో, సర్వీసో అయ్యి, ఉద్యమ్ (చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన) రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి కొన్నవాళ్లు రాసుకున్న ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెప్తుంది. దాటితే రిజర్వ్ బ్యాంకు చెప్పే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బాకీల కోసం ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో కేసు ఎలా వెయ్యాలో, ఏ కాగితాలు పెట్టాలో సంఘం ఆఫీసులో కూర్చోబెట్టి చూపిస్తారు. బాగుంది. కానీ కేసు వేస్తే ఆ పార్టీ మళ్లీ ఆర్డరివ్వదు, ఆ పార్టీయేమో మీ అమ్మకంలో సగం. వెయ్యాలా వద్దా? దీనికి సంఘం దగ్గర జవాబు లేదు, ఉండదు కూడా, ఎందుకంటే అదే పార్టీకి సరుకు వేసేవాళ్లు ఆ గదిలోనే ఇంకో నలుగురుంటారు, మీరు తప్పుకుంటే ఆ ఆర్డర్ ఎవరికి పోతుందో అందరికీ తెలుసు.

వాట్సాప్ గ్రూపులు

ఫ్రీ, ఫాస్ట్, అర్ధరాత్రి కూడా జవాబు వస్తుంది. "నెల్లూరుకి పార్ట్‌లోడ్ లారీ ఎవరైనా చెప్పండి", "ఫలానా మోటార్ రివైండింగ్ ఎవరు బాగా చేస్తారు", ఇలాంటివాటికి దీన్ని మించింది లేదు. చట్టం, పన్ను విషయాల్లో మాత్రం నమ్మొద్దు. 2024 మొదట్లో ఇన్‌కమ్ ట్యాక్స్ 43బి(హెచ్) మీద జరిగిన గోల గుర్తుండే ఉంటుంది. చిన్న సంస్థల దగ్గర కొన్న సరుకుకి గడువులోపు, అంటే రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, డబ్బు కట్టకపోతే ఆ ఖర్చు కట్టిన ఏడాదిలోనే లెక్కకొస్తుంది అన్నది రూలు. బట్టల మార్కెట్లలో ఇది "మార్చి 31 లోపు అందరికీ అన్నీ కట్టెయ్యాలి, లేకపోతే మొత్తం లాభం కింద లెక్క" అన్న మెసేజిగా మారింది. దాంతో సరుకు వెనక్కి పంపినవాళ్లు, ఆర్డర్లు ఆపుకున్నవాళ్లు, టెన్షన్‌తో ఆడిటర్ గుమ్మం ముందు నిలబడినవాళ్లు. సరుకు తయారు చెయ్యకుండా కొని అమ్మే వ్యాపారి దగ్గర కొన్నదానికి ఆ రూలు వర్తించదు, 2021లో వ్యాపారులకి ఉద్యమ్ ఇచ్చింది బ్యాంకుల ప్రయారిటీ (ప్రాధాన్య రంగ) అప్పుల వరకే. ఆ ఒక్క ముక్క వెయ్యిసార్లు ఫార్వర్డ్ అయిన ఏ మెసేజిలోనూ లేదు.

ఇంకో సంగతి, డబ్బు ఎగ్గొట్టిన పార్టీ పేరూ ఫోటో గ్రూపులో పెట్టడం. కడుపు మంట అర్థమవుతుంది, కానీ చెక్కు బౌన్స్ అయితే దానికి దారి వేరే ఉంది: బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక వాళ్లకి 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. గ్రూపులో పోస్టు పెట్టి ఆ తారీఖులు దాటబెట్టుకుంటే ఉన్న కేసు పోయి, ఎదురు పరువునష్టం కేసు మీద పడుతుంది.

డబ్బు కట్టి చేరే పెద్ద సర్కిళ్లు

ఈఓ అనే ఆంత్రప్రెన్యూర్స్ ఆర్గనైజేషన్ 1987 నుంచి ఉంది, హైదరాబాద్‌లోనూ ఉంది. చేరాలంటే ఏడాది టర్నోవర్ పది లక్షల డాలర్లు దాటాలి, అంటే ఎనిమిది కోట్ల పైమాటే. అందులో అసలు సరుకు "ఫోరం": ఎనిమిది పది మంది, నెలకోసారి, అక్కడ అన్నమాట బయటకి పోకూడదు, "నువ్వు ఇలా చెయ్యి" అనకూడదు, "నాకు ఇలా జరిగింది, నేను ఇలా చేశాను" అనే చెప్పాలి. ఈ చివరి రూలు బంగారం, కింద మళ్లీ చెప్తాను. 1957లో మిల్వాకీలో మొదలైన విస్టేజ్‌లో అయితే డబ్బు తీసుకునే చైర్ ఒకరు గ్రూపుని నడుపుతారు, ఒక్కొక్కరితో విడిగా కూడా కూర్చుంటారు. ఫీజు గట్టిగానే ఉంటుంది. ఎనభై మంది వర్కర్లున్న ఫ్యాక్టరీకి అది ఒక మేనేజర్ జీతంలో చిన్న ముక్క, ఎనిమిది మంది ఉన్న షెడ్డుకి అది ఎనిమిదో మనిషి జీతం. టై, టీ-హబ్ లాంటి సంస్థలు పెట్టుబడి కోసం తిరిగే స్టార్టప్ పిల్లలకి. హార్డ్‌వేర్ షాపు ఆయన అక్కడికి వెళ్తే కాఫీ బాగుంటుంది, అంతే.

వీటి పక్కనే కోచ్‌ల గోల ఒకటుంది. స్టార్ హోటల్లో రెండ్రోజుల సెమినార్, టికెట్ చవక, రెండోరోజు సాయంత్రం లైట్లు డిమ్ చేసి మ్యూజిక్ పెట్టి "ఇవాళ కట్టేవాళ్లకే ఈ రేటు" అని లక్షల ప్రోగ్రాం. అక్కడ ఒక్క ప్రశ్న అడగండి: సార్, మీరు సెమినార్లు కాకుండా ఏ వ్యాపారం నడిపారు, ఎంతమందికి జీతాలిచ్చారు? నిజంగా నడిపినవాళ్లయితే ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు.

అమెరికాలో గ్రాసరీ స్టోరో, గ్యాస్ స్టేషనో నడిపే మనవాళ్లు చదువుతుంటే మీకో మాట: 1964 నుంచి ఉన్న స్కోర్ అనే సంస్థలో అనుభవం ఉన్న వ్యాపారులు, రిటైరైన మేనేజర్లు ఉచితంగా సలహా ఇస్తారు, ప్రభుత్వ సాయంతో నడుస్తుంది. అక్కడి తెలుగు సంఘాలు తానా, ఆటాల సభల్లో బిజినెస్ సెషన్లు పరిచయాలకి. లీజు ఒప్పందం మీద సంతకం పెట్టేముందు మాత్రం స్కోర్ మెంటర్ దగ్గరికే వెళ్లండి.

మీరే కూర్చోబెట్టుకునే ఏడుగురు

నా ఓటు దీనికే. కోటి, రెండు కోట్ల టర్నోవర్‌లో ఉండి, పై వేటిలోనూ సరిగ్గా ఇమడని వాళ్లకి ఇంతకంటే మంచిది కనపడలేదు. కొత్తదేం కాదు. 1727లో ఫిలడెల్ఫియాలో ఇరవై ఒక్కేళ్ల ప్రింటర్ బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదిమంది దాకా స్నేహితులతో శుక్రవారం సాయంత్రాలు కూర్చునేవాడు. వాళ్లలో అద్దాలు బిగించేవాడు, చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి, భూమి కొలిచేవాడు ఉండేవారు. వాళ్లు వేసుకునే ప్రశ్నల్లో ఊళ్లో ఈమధ్య ఎవరి వ్యాపారం దెబ్బతింది, ఎందుకు, ఎవరిది బాగుపడింది, ఎలా అన్నవి ఉన్నాయి. అంత దూరం ఎందుకు, మన ఊళ్లలో డ్వాక్రా గ్రూపుల్నే చూడండి. మీటింగ్ తప్పదు, పొదుపు తప్పదు, తీర్మానాల పుస్తకంలో రాయందే రూపాయి కదలదు. ఆ పుస్తకం రాసే ఓపిక మన వ్యాపారస్తులకి ఉంటే సగం సమస్యలు ఉండవు.

ఎవరిని పిలవాలి? ఆరు నుంచి ఎనిమిది మంది. ఇద్దరిది ఒకే వ్యాపారం కాకూడదు. ఒకరు ఇంకొకరికి సరుకు అమ్మేవాళ్లు కాకూడదు, ఇది మర్చిపోతారు చాలామంది. ఒకరికొకరు బంధువులు కాకూడదు, బావమరిది ముందు అప్పులు చెప్పుకుంటే ఆ రాత్రికే అత్తగారింటికి తెలుస్తుంది. సైజు దగ్గర దగ్గరగా ఉండాలి, యాభై లక్షల ఆయనా పాతిక కోట్ల ఆయనా కూర్చుంటే చిన్నాయన వింటూ ఉండిపోతాడు, పెద్దాయన ఉపన్యాసం ఇస్తాడు. కనీసం ఒకరైనా ఒకసారి గట్టిగా దెబ్బతిని లేచినవాళ్లయితే మంచిది. ఆడవాళ్లు నడిపే వ్యాపారాలు ఒకటి రెండైనా ఉండేలా చూడండి, మగవాళ్లు మాత్రమే ఉన్న చోట మాట మెల్లగా గొప్పల మీదకి జారుతుంది, ఇది నేను చూసి చెప్తున్న మాట.

నెలకోసారి, రెండు రెండున్నర గంటలు, ఎవరి షాపులోనూ కాదు, మధ్యలో పార్టీలు వస్తూనే ఉంటారు. ఆదివారం పొద్దున టిఫిన్ సెంటర్ పైన ఏసీ రూమ్ చాలు. ఖర్చు ఎవరి ప్లేటుకి వాళ్లు. ప్రతి ఒక్కరూ ఒక కాగితం మీద ఐదు అంకెలు రాసుకుని రావాలి: ఈ నెల అమ్మకం, బయట రావాల్సింది, మనం ఇవ్వాల్సింది, బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్‌లో వాడింది ఎంత, ఇప్పుడున్న స్టాక్ ఎన్నాళ్లకి వస్తుంది. కాగితం తేనివాళ్లు ఆరోజు మాట్లాడకూడదు, వినొచ్చు.

తర్వాత ఒక్కరి సమస్యే తీసుకోవాలి. ముందు పది నిమిషాలు ఆయన చెప్తాడు. తర్వాత ఇరవై నిమిషాలు అందరూ ప్రశ్నలే వెయ్యాలి, సలహా నిషేధం. ఇది చాలా కష్టం, మనకి ఎవరైనా సమస్య చెప్పగానే "నువ్వో పని చెయ్యి" అని నాలుక దురద పెడుతుంది. ఎందుకు ఆపాలో ఒక మీటింగ్‌లో జరిగింది చెప్తే తెలుస్తుంది. అట్టపెట్టెలు చేసే ఒకాయన "రెండో మెషీన్ కొందామనుకుంటున్నా, లోన్ బ్యాంకులో తీసుకోవాలా ఫైనాన్స్‌లోనా" అని అడిగాడు. మామూలుగా అయితే అందరం వడ్డీ రేట్లలో పడిపోయేవాళ్లం. సలహా నిషేధం కాబట్టి బేకరీ ఆయన మొదలెట్టాడు.

"అన్నా, ఇప్పుడున్న మెషీన్ రోజుకి ఎన్ని గంటలు నడుస్తోంది?"

"ఏడు, ఎనిమిది."

"రెండో షిఫ్టు ఎందుకు పెట్టలేదు?"

"ఆపరేటర్ దొరకట్లేదు."

"మరి కొత్త మెషీన్‌కి ఆపరేటర్ ఎక్కణ్ణుంచి వస్తాడన్నా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ల్యాబ్ నడిపే మేడమ్ ఆయన కాగితం చూసి "బయట రావాల్సింది మూడు నెలల అమ్మకం అంత ఉందేంటండీ, ఇందులో ఒక్క పార్టీదే ఎంత?" అన్నారు. సగానికి పైగా ఒక్క పార్టీదే. ఆ పార్టీ ఆర్డర్లు పెంచుతానంటేనే మెషీన్ ఆలోచన. డబ్బు వచ్చేది నాలుగు నెలలకి. అంటే ఈయన లోన్ తీసుకుని ఆ పార్టీకి వడ్డీ లేకుండా అప్పు ఇవ్వబోతున్నాడన్నమాట. ఆయన వడ్డీ గురించి అడిగింది తప్పేం కాదు, అది మూడోదో నాలుగోదో ప్రశ్న, అంతే. చివరికి ఆయనే చెప్పాడు ఏం చేస్తానో: ఆపరేటర్‌కి జీతం పెంచి రెండో షిఫ్టు, ఆ పార్టీకి అరవై రోజులు దాటితే డెలివరీ ఆపడం. పుస్తకంలో రాశాం, తారీఖుతో సహా. తర్వాతి నెల మీటింగ్ మొదలయ్యేది "ఆపావా?" అన్న ప్రశ్నతోనే.

ప్రశ్నలయ్యాక అనుభవాలు చెప్పొచ్చు, అదీ ఈఓ వాళ్ల రూలు ప్రకారం "నాకు ఇలా జరిగింది" అనే. ఇందులో తెలివి ఉంది. "నువ్వు ఆ మేనేజర్‌ని తీసెయ్" అని చెప్తే రేపు అది బెడిసికొడితే స్నేహం పోతుంది. "నేను మా మేనేజర్‌ని తీసేశాక ఆరు నెలలు కౌంటర్లో నేనే కూర్చున్నా, రెండు పార్టీలు అతనితో పాటే పోయాయి" అని చెప్తే ఆయనకి కావాల్సింది ఆయన తీసుకుంటాడు.

మొహమాటం మన పెద్ద శత్రువు. పెద్దవాళ్లు చెప్తే కాదనలేం, స్నేహితుడు తప్పు చేస్తున్నా "మీకు తెలియందేముంది లెండి" అంటాం. దీనికి మందు, నడిపే బాధ్యత నెలకొకరికి మార్చడం. ఈ నెల నడిపేది వయసులో అందరికంటే చిన్నవాడైతే, "బాబాయ్ గారూ, మీ టైమైంది" అనే హక్కు వాడికి ఆ రెండు గంటలూ ఉంటుంది, ఎవరూ నొచ్చుకోరు.

ఈ గ్రూపులో అప్పులు, చేబదుళ్లు, చీటీలు ఉండకూడదు. నాలుగో నెలకల్లా ఎవరో ఒకరు "మనమే ఒక చీటీ పెట్టుకుందాం, ఫైనాన్స్ వాళ్లకి ఎందుకు కట్టాలి" అంటారు, చూస్తూ ఉండండి. రిజిస్టర్ చెయ్యని చీటీ 1982 చట్టంతో చిక్కు తెచ్చిపెడుతుంది, అది అలా ఉంచితే, పాడుకున్న ఆయన తర్వాత నెల మీటింగ్‌లో తన అసలు పరిస్థితి చెప్పడు. చెప్తే మిగతావాళ్లకి తమ వాయిదాల మీద భయం పట్టుకుంటుంది. అలాగే ఒకరికొకరు షూరిటీలు పెట్టుకోవద్దు.

మరి ఎవరికి ఏది

వ్యాపారం పెట్టి ఏడాది కూడా కాలేదు, చేసేది సర్వీసు, జనానికి తెలియడమే సమస్య అంటే రెఫరల్స్ గ్రూపులో ఒక ఏడాది ఉండండి, లెక్క చూసుకుని రెన్యూ చెయ్యండి. తయారీ యూనిట్ అయితే మీ పారిశ్రామికవాడ సంఘంలో సభ్యత్వం ఉండి తీరాలి, అది చవక, అక్కడ కమిటీలోకి మాత్రం పోకండి, యూనిట్ చూసుకునే టైము ఉండదు. అమ్మకం బాగానే ఉంది, డబ్బు మాత్రం చేతిలో ఆడట్లేదు అంటే ఇంకో పది ఆర్డర్లు వస్తే ఇంకా మునుగుతారు, మీకు కావాల్సింది ఆ ఏడుగురే. రెండో తరం, నాన్నగారి దగ్గర్నుంచి గల్లా తీసుకున్న కొత్తలో అయితే కూడా ఇదే, ఎందుకంటే ఇంట్లో అడిగితే "మా రోజుల్లో" అని మొదలవుతుంది, ఆడిటర్‌ని అడిగితే ఆయన రిటర్నులు సరిగ్గా పడుతున్నాయా లేదా అన్నది చూస్తాడు గానీ మీరు రెండో షాపు తెరవాలా వద్దా అన్నది ఆయన పని కాదు. టర్నోవర్ పది కోట్లు దాటింది, చుట్టూ మీ సైజు వాళ్లు దొరకట్లేదు అంటే అప్పుడు ఫీజు కట్టే ఫోరంలు చూడండి.

రెండింట్లో ఉండొచ్చా అంటే ఉండొచ్చు, కానీ రెండూ కలపొద్దు. రెఫరల్స్ చాప్టర్‌లో దోస్తీ కుదిరిన నలుగురితోనే సలహాల సర్కిల్ పెడదామనిపిస్తుంది. వాళ్లు మీకు ఆర్డర్లు తెచ్చేవాళ్లు కాబట్టి మళ్లీ మొదటికే వస్తుంది, వాళ్ల ముందు బాగున్నట్టు కనపడాలి.

చివరిగా, సొంత సర్కిల్ ఎప్పుడు పాడవుతుందో చెప్తాను. కాగితం తేకుండా ఊరికే వచ్చి కూర్చునేవాళ్లు ఒకరుంటారు. మిగతావాళ్ల అంకెలు వింటారు, తమవి చెప్పరు, "ఆడిటర్ దగ్గరుంది, వచ్చేసారి తెస్తా" అంటారు. రెండు నెలలు చూడండి. మూడో నెల పక్కకి తీసుకెళ్లి మర్యాదగా చెప్పండి, అన్నా, అంకెలతో వస్తే రా, లేకపోతే మనం విడిగా టీకి కలుద్దాం అని. గ్రూపు మెసేజిలో కాకుండా ఎదురుగానే చెప్పండి. చెప్పే పని ఎవరిదా అని ఆరోజు వాదించుకోకుండా, మొదటి మీటింగ్‌లోనే ఆ పేరు కూడా పుస్తకంలో రాసి పెట్టుకోండి.